రిపోర్టులో 4,049 గ్రాములు

పాపకు రెండు నెలలు నిండాయి. తేదీలు, ఖర్చులు ఇంకా గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను. నాలాగే లావుగా ఉండి, తొమ్మిదో నెల స్కానింగ్ కాగితం చేతిలో పట్టుకుని రాత్రంతా మేలుకుని కూర్చున్న ఎవరికైనా పనికొస్తుందని.

ముందు నా సంగతి. వయసు 31, ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, నెల తప్పేనాటికి బరువు 94 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, 38. ఇది మొదటే చెప్పడం ఎందుకంటే, ఈ తొమ్మిది నెలల్లో నాకు ఏం జరిగినా, చివరికి దగ్గు వచ్చినా, కారణం ఇదేనన్నారు. మేముండేది విజయవాడ పటమటలో, పుట్టిల్లు తెనాలి. ఇది తొలిచూలు. డాక్టర్లు ఇచ్చిన తేదీ 2024 నవంబరు 18.

మొదటి పెద్ద స్కాన్ మే 9న, పన్నెండో వారంలో. రెండు గంటల నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ఆధార్ జిరాక్స్, లింగ నిర్ధారణ అడగబోనని ఫారం మీద సంతకం, 1,800 రూపాయలు. లోపలికెళ్లాక పైనుంచి సరిగా కనపడటం లేదని, లోపలి నుంచి చేస్తామన్నారు. నొప్పేమీ లేదు. కానీ ముందే ఒక మాట చెప్పి ఉంటే అంత బిగుసుకుపోయేదాన్ని కాదు.

జులై 1న టిఫా స్కాన్, అంటే అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసేది. మామూలుగా అరగంటంటారు, నేను యాభై నిమిషాలు బల్ల మీదే ఉన్నాను. ఎడమ పక్కకి తిరగమన్నారు, కుడి పక్కకి తిరగమన్నారు, బయటికెళ్లి ఏదైనా తిని నడిచి రమ్మన్నారు. మళ్లీ పడుకున్నాక, "పొట్ట మడత రెండు చేతులతో పైకి పట్టుకోండమ్మా" అని ఆ కింద స్కాన్ చేసే ప్రోబ్ పెట్టి చూశారు. స్కాన్ చేసినామె మామూలుగానే అంది, విసుక్కోలేదు. ఏడుపొచ్చింది మాత్రం నాకే. బిడ్డ గుండె గదులు సరిగా కనపడలేదు కాబట్టి రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఆ రిపోర్టు కింద ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. 'మెటర్నల్ హ్యాబిటస్' వల్ల దృశ్యాలు స్పష్టంగా లేవని. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "హ్యాబిటా? నీకేం అలవాట్లున్నాయే?" అని కంగారుగా నా మొహంలోకి చూసింది. అలవాటు కాదు, శరీరం తీరు అని అర్థం. లావు అనే మాటని మర్యాదగా రాయడం. ఆ తర్వాత వచ్చిన ప్రతి రిపోర్టులోనూ నా పేరు కింద అది ఉంటూనే ఉంది. జులై 15న మళ్లీ వెళ్తే గుండె చక్కగా కనపడింది, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మొదటిసారి 2,500, రెండోసారి 1,000.

ఆగస్టు 12న గ్లూకోజు తాగించి చేసే పరీక్ష. 75 గ్రాములు నీళ్లలో కలిపి ఇచ్చారు. నిమ్మకాయ అడిగితే పిండుకోనిచ్చారు, లేకపోతే కక్కేసేదాన్ని. రెండు గంటల తర్వాత 152. 140 దాటితే గర్భిణీ షుగర్ కింద లెక్క. అన్నం సగానికి తగ్గించి, రాత్రి జొన్నరొట్టె, రోజుకి నాలుగుసార్లు వేలికి సూది. రెండు వారాల తర్వాత మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కూడా పెట్టారు. షుగర్ చూసుకునే మిషన్ కన్నా దాని స్ట్రిప్పులకే డబ్బు ఎక్కువైంది.

సెప్టెంబరు 2న పెరుగుదల చూసే స్కాన్ ఉండాలి. ఆ ముందురోజే బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగింది. మావైపు ఇళ్లలోకి నీళ్లు రాలేదు గానీ స్కాన్ గురించి ఎవరికీ ధ్యాస లేదు. చివరికి 14న చేశారు. బిడ్డ 1,690 గ్రాములు, అంతా బాగుందన్నారు. అంకె పక్కన ± గుర్తు పెట్టి ఇంకో అంకె ఉంది. అదేమిటని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

మధ్యలో బీపీ గొడవ ఒకటి. సెప్టెంబరు 23న నర్సు చూస్తే 150/96. అడ్మిట్ చేద్దామా అనేదాకా వెళ్లింది. ఇంతలో ఇంకో పెద్ద నర్సు వచ్చి, నా చేతికి చుట్టిన పట్టీ చూసి, "ఇది సరిపోదు, పెద్దది తీసుకురా" అంది. పెద్ద కఫ్‌తో చూస్తే 128/82. చెయ్యి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా "పెద్ద కఫ్ ఉందా?" అని అడుగుతున్నాను. సిగ్గుపడాల్సిన పని లేదు, అడగండి.

అక్టోబరు 21, ముప్పై ఆరు వారాలు. 3,080 గ్రాములు. "కొంచెం పెద్ద బిడ్డే" అన్నారు. తెనాలిలో అమ్మమ్మ నా పొట్ట చూసి, "నాలుగున్నర ఉంటాడు, మగపిల్లాడే" అని తేల్చేసింది. (రెండూ తప్పే.)

నవంబరు 4, సోమవారం, దీపావళి అయిన నాలుగో రోజు. సాయంత్రం ఆరున్నరకి స్కాన్. ఆరోజు చాలా రద్దీగా ఉంది, పది నిమిషాల్లో ముగించారు. రిపోర్టు చేతికొచ్చేసరికి ఎనిమిది. బిడ్డ అంచనా బరువు 4,049 గ్రాములు.

డాక్టరుగారు కాగితం చూసి పెన్ను కింద పెట్టారు. "షుగర్ ఉంది. మీ బరువూ ఎక్కువే. బిడ్డ నాలుగు కిలోలు దాటింది. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటే బిడ్డకి ప్రమాదం. శుక్రవారం ఆపరేషన్ పెట్టుకుందాం." ఆమె చెప్పిన ప్రమాదం నిజమైనదే, నన్ను బెదిరించడానికి అన్నదని నేను అనను. కానీ ఆ గదిలో మేమున్నది నాలుగు నిమిషాలు.

ఇంటికొచ్చేలోపే అత్తయ్య పంతులుగారికి ఫోన్ చేసి, 8వ తేదీ పొద్దున 9.40కి మంచి ముహూర్తం ఉందని కనుక్కున్నారు. ఫోన్లు మొదలయ్యాయి. నేనే అందరికీ చెప్పాను, "నాలుగు కిలోల యాభై గ్రాములు" అని, ఎవరో కాటా మీద పెట్టి తూచినట్టు. మా పెద్దమ్మ, "నీ లావుకి బిడ్డ అంతే ఉంటుంది మరి" అంది. మా తోడికోడలు, "అంత కొవ్వులోంచి వాళ్లకేం కనపడుతుంది, ఆ స్కాన్లు నమ్మకు" అంది. ఒకరు నా లావు వల్ల అంకె నిజమన్నారు, ఇంకొకరు నా లావు వల్లే అంకె అబద్ధమన్నారు. ఫోన్ పక్కన పడేసి బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. దాదాపు మూడు నెలలుగా అన్నం కొలుచుకుని తిన్నాను, వేళ్లన్నీ గుచ్చుకున్నాను, ఏం లాభం అనిపించింది.

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. లెక్క సరిపోకపోతే నిద్రపట్టదు. రాత్రి పదకొండుకి రిపోర్టులన్నీ మంచం మీద పరిచి, "పద్నాలుగు రోజుల్లో 969 గ్రాములు ఎలా పెరుగుతుంది?" అన్నారు. చివరి వారాల్లో బిడ్డ వారానికి 200 గ్రాములు, మహా అయితే ఇంకాస్త పెరుగుతుంది. ఈ లెక్కన వారానికి దగ్గర దగ్గర అరకిలో. ఆ తర్వాత ± గుర్తు మీద వేలు పెట్టారు. ± 591 గ్రాములు. అంటే ఆ కాగితం చెబుతున్నది 4,049 అని కాదు, 3,458 నుంచి 4,640 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చని. ఆ రెండింటికీ మధ్య కిలోకి పైగా తేడా. పెద్ద అక్షరాల్లో వేసింది మధ్య అంకె ఒక్కటే.

అమ్మతో పనిచేసిన టీచరుగారి అమ్మాయికి గుంటూరులో ఒక డాక్టరుగారు పురుడు పోశారు. ఆ డాక్టరుగారి దగ్గరికి 6వ తేదీ బుధవారం వెళ్లాం. కన్సల్టేషన్ 500. రిపోర్టులన్నీ వరసగా చదివి ఆవిడ కూడా అదే 969 దగ్గర ఆగారు. "ఈ రెండిట్లో ఒకటి తప్పు, లేదా రెండూ తప్పు. గర్భస్థ శిశువుల స్కాన్లు మాత్రమే చేసే చోట ఒకసారి చూపించి రండి" అన్నారు.

7వ తేదీ గురువారం, ఆ సెంటర్లో మూడు గంటల ఎదురుచూపు, 1,800 రూపాయలు, మళ్లీ ఫారం, మళ్లీ ఆధార్. స్కాన్ చేసిన డాక్టరుగారు వయసులో నాకంటే పెద్దేమీ కాదు. బిడ్డ పొట్ట చుట్టుకొలత మూడుసార్లు కొలిచి, మూడూ నాకు తెర మీద చూపించారు. నేను ధైర్యం చేసి అడిగాను: "నేను లావుగా ఉన్నాను కాబట్టి లెక్క తప్పుతోందా?"

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కొవ్వు పొరల గుండా వెళ్లేటప్పుడు శబ్ద తరంగాల బలం తగ్గిపోతుంది. అంత లోతుకి వెళ్లాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ వాడాలి, దాంతో బొమ్మ మసకబారుతుంది. అందుకే అయిదో నెలలో గుండె, వెన్నెముక, పెదవి లాంటి సన్నని విషయాలు చూడటానికి నాలాంటి వాళ్లకి మళ్లీ మళ్లీ రావాల్సి వస్తుంది. బరువు లెక్కకి కావాల్సినవి మాత్రం పెద్ద కొలతలు: తల, పొట్ట, తొడ ఎముక. మసకలో కూడా వాటి అంచులు దొరుకుతాయి. తల్లి బరువును బట్టి అంచనాలు ఎంత తప్పుతున్నాయో పోల్చి చూసిన అధ్యయనాలు చాలానే ఉన్నాయట. వాటిలో ఎక్కువ వాటికి సన్నగా ఉన్న తల్లికీ లావుగా ఉన్న తల్లికీ పెద్ద తేడా దొరకలేదట. "మీ పక్క కుర్చీలో కూర్చున్న నలభై ఎనిమిది కిలోల అమ్మాయి రిపోర్టులో కూడా పది పదిహేను శాతం అటూ ఇటూ ఉంటుంది. అది మీ తప్పు కాదు, ఫార్ములా తప్పు" అన్నారు.

ఆ ఫార్ములా పేరు హ్యాడ్‌లాక్. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీదాంట్లోనూ చూడండి. 1980ల్లో వచ్చిందట, ఇప్పటికీ చాలా మిషన్లలో అదే నడుస్తోంది. ఎవరూ బిడ్డని తూచడం లేదు. నాలుగు కొలతలు (తలవి రెండు, పొట్టది ఒకటి, తొడ ఎముకది ఒకటి) లెక్కలో వేసి బరువు ఇంతని ఊహిస్తున్నారు. అందులో పొట్ట చుట్టుకొలతదే పెద్ద పాత్ర. ప్రోబ్ కాస్త వాలుగా పడితే గుండ్రంగా రావాల్సిన పొట్ట కోడిగుడ్డులా వచ్చి కొలత పెరుగుతుంది. సోమవారం నాటి రిపోర్టులో అది 38.2 సెంటీమీటర్లు. గురువారం 36.2. మిగతా కొలతలు దాదాపు అవే. ఆ రెండు సెంటీమీటర్లకే అంచనా 4,049 నుంచి 3,692కి దిగింది. మూడు రోజుల్లో 357 గ్రాములు ఆవిరైపోయాయి.

"ఇది కూడా సరైనదే అనుకోకండి, దీనికీ ± 539 ఉంది" అని ఆవిడే చెప్పారు. నిజానికి ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది. ఇంకో మాట కూడా అన్నారు: బిడ్డ పొట్ట, భుజాలు పెద్దవవడానికి షుగర్ అదుపులో లేకపోవడం పెద్ద కారణం, నా చార్టులో ఆ అంకెలు బాగున్నాయని. వేలి సూదుల పుస్తకం చూసి బాగుందని అన్నది ఆవిడొక్కరే.

గుంటూరు డాక్టరుగారి లెక్క ఇలా ఉంది. షుగర్ ఉన్నవాళ్లకి అంచనా నాలుగున్నర కిలోలు దాటితే నేరుగా ఆపరేషన్ గురించి మాట్లాడతారు. నాది అంత లేదు. మందు మీద ఉన్నాను కాబట్టి 39 వారాలు నిండాక నొప్పులు తెప్పిద్దాం, ముందుకు సాగకపోతే ఆపరేషన్, నా బరువుకి అలా జరిగే అవకాశం కాస్త ఎక్కువేనని దాచకుండా చెప్పారు. ఆలోచించుకోమని బయట కూర్చోబెట్టారు. మేం ఒప్పుకున్నాం. 8వ తేదీ 9.40 ముహూర్తం అలా వెళ్లిపోయింది. అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

12వ తేదీ మంగళవారం పొద్దున ఏడింటికి అడ్మిట్ అయ్యాను. ఆరోజు నా బరువు 103. సంతకాలయ్యాక ముందు వచ్చింది మత్తు డాక్టరు. నా వీపు, మెడ, గొంతు చూసి వెళ్లారు. అవసరం పడితే అర్ధరాత్రి కంగారు పడకుండా ముందే చూసుకుంటారట. ఆరారు గంటలకొకసారి జెల్, తర్వాత సెలైన్‌లో నొప్పుల మందు. అన్నిటికన్నా విసిగించింది గుండె చప్పుడు చూసే బెల్టు. నా పొట్ట మీద నిలవదు, జారిపోతుంది. జారినప్పుడల్లా మిషన్ కూస్తుంది, అందరూ పరిగెత్తుకొస్తారు, చూస్తే బెల్టు. చివరికి ఒక నర్సమ్మ స్టూలు వేసుకుని చేత్తో పట్టుకుని కూర్చుంది, ఇరవై నిమిషాల చొప్పున, ఎన్నిసార్లో లెక్కలేదు.

13వ తేదీ రాత్రి తొమ్మిదికి గర్భసంచి ముఖద్వారం తెరుచుకున్నది ఆరు సెంటీమీటర్లు. అక్కడే అయిదు గంటలుగా ఆగిపోయింది. పదిన్నరకి బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందన్నారు, ఈసారి బెల్టు జారలేదు. ఆపరేషన్ అన్నారు. నేను వెంటనే సరేనన్నాను. తొమ్మిది రోజుల క్రితం అదే మాటకి ఏడ్చిన నేను ఆ రాత్రి ఏడవలేదు.

వెన్నులో సూది మూడోసారికి కుదిరింది. రాత్రి 11.20కి పాప ఏడ్చింది. తెర అవతల తూచి, "మూడు నాలుగొందల ఎనభై" అని ఎవరో అరిచారు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "టవల్ బరువు తీసేశారా?" థియేటర్‌లో అందరూ నవ్వారు. తీసేశారు. 3,480 గ్రాములు, ఆడపిల్ల.

గదిలోకి వచ్చాక అత్తయ్య, "ఎలాగూ ఆపరేషనే అయిందిగా, ఆ ముహూర్తానికే చేయించుకుంటే పోయేది" అన్నారు. ఓపిక లేక ఊరుకున్నాను. చెప్పాలంటే, బిడ్డ పెద్దదని కోయడం వేరు, గుండె చప్పుడు తగ్గిందని కోయడం వేరు. కుట్లు రెండిటికీ ఒకేలా ఉంటాయి, నిజమే.

పాపకు మొదటిరోజు మడమ మీద గుచ్చి మూడుసార్లు షుగర్ చూశారు, మూడుసార్లూ 50 పైనే ఉంది. నాకు రక్తం గడ్డకట్టకుండా పది రోజులు పొట్టలో ఇంజెక్షన్లు, బరువు ఎక్కువున్నవాళ్లకి ఇస్తారట. అవే 4,000 అయ్యాయి. ఇంటికొచ్చాక మా ఆయనే వేశారు, మొదటిరోజు ఆయన చెయ్యి నాకంటే ఎక్కువ వణికింది. పొట్ట మడత కింద కుట్టు తడిగా ఉండకుండా శుభ్రమైన కాటన్ గుడ్డ మడిచి పెట్టుకోమన్నారు. ఎవరూ చెప్పని ఈ చిన్న చిట్కా ఒక ఆయమ్మ చెప్పింది, దానివల్లే కుట్టు పాడవలేదనుకుంటాను. అయిదు రోజుల ఆస్పత్రి బిల్లు 86,000.

తర్వాత ఒకరోజు తీరిగ్గా లెక్క వేశాం. సోమవారం అంచనా అసలు బరువు కంటే 16 శాతం ఎక్కువ, గురువారం అంచనా 6 శాతం ఎక్కువ. పైగా సోమవారం నుంచి పుట్టేదాకా పాప ఇంకో తొమ్మిది రోజులు పెరిగింది కూడా. అయినా 3,480 అనేది సోమవారం నాటి కాగితం కింది హద్దు 3,458కి ఇరవై రెండు గ్రాములు లోపలే ఉంది. అంటే ఆ రిపోర్టు అబద్ధం చెప్పలేదు. మేం చదవలేదు, మాకెవరూ చదివి చెప్పలేదు. ఇప్పుడైతే నేను రెండే అడుగుతాను: పక్కనున్న ± ఎంత, పోయినసారి కొలతకీ దీనికీ మధ్య పెరుగుదల నమ్మేలా ఉందా. నా లావు గురించి మాత్రం అడగను, అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆరు వారాల టీకాకి వెళ్లినప్పుడు అక్కడి కాటా మీద పాప 4,420 గ్రాములు. అంటే ఆ 'నాలుగు కిలోల' పిల్ల మాకు ఆలస్యంగా దొరికింది. ఇంట్లో పిల్లల కాటా లేదు. ప్రతి ఆదివారం నేను పాపని ఎత్తుకుని మామూలు బరువు మిషన్ ఎక్కుతాను, తర్వాత ఒక్కదాన్నే ఎక్కుతాను. పెళ్లయినప్పటి నుంచి ఆ మిషన్ ఎక్కినప్పుడు ఎవర్నీ దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు మా ఆయన ఎదురుగా నోటుపుస్తకం పట్టుకుని నిలబడతారు. పోయిన ఆదివారం ఇద్దరం 99.8, నేను 94.7. తీసివేసి 5.1 అని రాశారు, పక్కన ± పెట్టి, "ఎంత వెయ్యమంటావ్?" అన్నారు.

"పాప కాళ్లు ఆడిస్తోంది, కిలో వెయ్యండి" అన్నాను.